అప్‌డేట్ ఎర్రర్లు వరసగా వస్తుంటే ముందు చూడాల్సింది ఏ అడ్రసు దగ్గర ఆగిందో

మీ పరిస్థితి నాకు అర్థమైనంతవరకు ఇది. ఉబుంటు లినక్స్ 22.04 నుంచి 24.04కి మారారు. అప్పటి నుంచి సాఫ్ట్‌వేర్ అప్‌డేటర్ తెరిస్తే రిపాజిటరీ (సాఫ్ట్‌వేర్ దించుకునే సర్వర్) సమాచారం డౌన్‌లోడ్ కాలేదంటోంది. టెర్మినల్లో చూస్తే ఒక పీపీఏకి (ఎవరో సొంతంగా నడిపే ఉబుంటు రిపాజిటరీకి) 404, అంటే అడిగింది సర్వర్లో లేదని, బయటి నుంచి పెట్టుకున్న బ్రౌజర్ రిపాజిటరీకి నో పబ్‌కీ, మధ్యమధ్యలో లాక్ దొరకలేదని ఇంకో మెసేజ్. లాక్ ఫైలు డిలీట్ చేయమని ఒకరు, మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోమని ఇంకొకరు చెప్పారు.

ఆ రెండూ చేయకండి. మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే సిస్టమ్ బాగానే ఉంది. మీకు వచ్చినవి ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు చిన్న సమస్యలు. ఒకేసారి కనపడేసరికి పెద్ద గండంలా అనిపిస్తోంది, అంతే.

ముందొక మాట. కమాండ్లను, ఫైలు పేర్లను ఇక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్లో మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి.

గ్రాఫికల్ అప్‌డేటర్ చూపించే మెసేజ్‌తో పెద్దగా పని జరగదు, దాన్ని మూసేసి టెర్మినల్లో "సుడో ఆప్ట్ అప్‌డేట్" కొట్టండి. ఆప్ట్ అంటే ప్యాకేజీలను, అంటే సాఫ్ట్‌వేర్ కట్టలను, దించి ఎక్కించే ప్రోగ్రామ్. ఈ కమాండ్ ఒక్కో రిపాజిటరీలో ఏమున్నాయో ఆ జాబితాను తాజా చేస్తుంది. వచ్చే ప్రతి లైను మొదట్లో ఒక మాట ఉంటుంది. "హిట్" అంటే ఆ జాబితా మారలేదు, మీ దగ్గరున్నదే తాజాది. "గెట్" అంటే కొత్తది దించుకుంది. "ఇగ్న్" అంటే దొరకలేదు గానీ ప్రస్తుతానికి వదిలేసి ముందుకెళ్తోంది. "ఎర్" అన్న లైనే మనకు కావాల్సింది. దాని పక్కనే ఒక అడ్రసు ఉంటుంది. ఆ అడ్రసు ఉబుంటు వాళ్లదా, మీరు ఎప్పుడో ఏదో సాఫ్ట్‌వేర్ కోసం చేర్చుకున్నదా అన్నది తేలితే సగం పని అయిపోయినట్టే. అప్‌గ్రేడ్ తర్వాత వచ్చే ఎర్రర్లలో ఎక్కువ భాగం రెండో రకానివే.

కింద చివర్లో వచ్చే లైన్లకు కూడా తేడా ఉంది. ఇంగ్లీషు ఎన్ అక్షరంతో మొదలైతే అది కేవలం సమాచారం. డబ్ల్యూతో మొదలైతే హెచ్చరిక. ఇంగ్లీషు ఈ అక్షరంతో మొదలైతే నిజమైన లోపం. ఉదాహరణకు ఏదో రిపాజిటరీ ఐ386 (పాత 32-బిట్) ఆర్కిటెక్చర్‌కి ఫైళ్లు ఇవ్వడం లేదు కాబట్టి వదిలేశాను అని ఎన్ లైను ఒకటి చాలామందికి వస్తుంది. దానికి టెన్షన్ పడక్కర్లేదు. బయటి రిపాజిటరీ ఒకటి ఫెయిలైనంత మాత్రాన ఉబుంటు సొంత సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా ఆగిపోవు. మిగతా జాబితాలన్నీ మామూలుగానే దిగుతాయి.

ఇప్పుడు మీ 404 సంగతి. ఉబుంటు ప్రతి వెర్షన్‌కీ ఒక కోడ్‌నేమ్ ఉంటుంది. 20.04 ఫోకల్, 22.04 జామీ, 24.04 నోబుల్. రిపాజిటరీ సర్వర్లో "డిస్ట్స్" అనే ఫోల్డర్ కింద ఒక్కో కోడ్‌నేమ్‌కి ఒక్కో ఫోల్డర్ ఉంటుంది. ఆప్ట్ ముందు అక్కడికి వెళ్లి "ఇన్‌రిలీజ్" అనే ఫైలు అడుగుతుంది. ఆ వెర్షన్లో ఏ జాబితాలున్నాయి, ఒక్కోదాని చెక్‌సమ్ (ఫైలు మారలేదని తేల్చే సంఖ్య) ఎంత అన్నది ఆ ఫైల్లో రాసి, కింద డిజిటల్ సంతకం పెట్టి ఉంటుంది. పీపీఏ నడిపే వ్యక్తి జామీకి ప్యాకేజీలు పెట్టి, నోబుల్‌కి ఇంకా పెట్టకపోతే నోబుల్ అనే ఫోల్డరే ఉండదు. ఫోల్డర్ లేదు కాబట్టి 404, దాని వెనకే "డజ్ నాట్ హ్యావ్ ఎ రిలీజ్ ఫైల్" అని ఇంగ్లీషు ఈ అక్షరంతో మొదలయ్యే లైను వస్తాయి.

వెర్షన్ అప్‌గ్రేడ్ చేసేటప్పుడు ఉబుంటు టూల్ బయటి రిపాజిటరీలన్నిటినీ తనంతట తానే ఆపేస్తుంది. మీరు తర్వాత వాటిని మళ్లీ ఆన్ చేసి ఉంటారు, పీపీఏ లైన్లో జామీ బదులు నోబుల్ కూడా చేరి ఉంటుంది. దీన్ని ఖాయం చేసుకోవడం సులువు. ఎర్ లైన్లో ఉన్న అడ్రసును కాపీ చేసి, చివర /డిస్ట్స్ అని చేర్చి బ్రౌజర్లో తెరవండి. ఏ కోడ్‌నేమ్‌లు ఉన్నాయో కళ్లకు కట్టినట్టు కనపడుతుంది. నోబుల్ లేకపోతే మీ కంప్యూటర్లో ఎన్ని కమాండ్లు కొట్టినా ఉపయోగం లేదు, ఎందుకంటే లోపం మీ వైపు లేదు.

అలాంటప్పుడు ఆ పీపీఏని ఆపేయడమే సరైన పని. "/ఈటీసీ/ఆప్ట్/సోర్సెస్.లిస్ట్.డి" అన్న ఫోల్డర్లో దాని ఫైలు ఉంటుంది. పేరు చివర .లిస్ట్ అని ఉంటే పాత తరహా, ఆ లైను ముందు హ్యాష్ గుర్తు పెడితే చాలు. చివర .సోర్సెస్ అని ఉంటే కొత్త తరహా, అందులో "ఎనేబుల్డ్: నో" అని ఒక లైను చేర్చాలి. ఫైలు తెరవడం ఇష్టం లేకపోతే దాని పేరు చివర .డిసేబుల్డ్ అని తగిలించండి. ఆప్ట్ .లిస్ట్, .సోర్సెస్ అని ముగిసే ఫైళ్లనే చదువుతుంది.

నోబుల్ లేకపోతే జామీ అనే రాసేస్తే పోదా అని చాలామంది అడుగుతారు. ఎర్రర్ పోతుంది, నిజమే. కానీ జామీ లైబ్రరీల మీద కట్టిన ప్యాకేజీ నోబుల్‌లో కొన్నిసార్లు ఎక్కుతుంది, కొన్నిసార్లు డిపెండెన్సీల (దానికి అవసరమైన వేరే ప్యాకేజీల) ముడిలో ఇరికిస్తుంది. ఏ లైబ్రరీతోనూ పని లేని చిన్న టూల్ అయితే సరే. గ్రాఫిక్స్ డ్రైవర్లో, డెస్క్‌టాప్‌కి సంబంధించినవో అయితే నేనైతే ఆ పని చేయను. అదే సాఫ్ట్‌వేర్ తనకు కావాల్సిన లైబ్రరీలతో వచ్చే ఫ్లాట్‌పాక్‌గానో స్నాప్‌గానో దొరుకుతుందేమో చూసుకుంటాను.

పీపీఏ ఆపేశాక దాని నుంచి ఎక్కించిన ప్యాకేజీలు మాత్రం అలాగే ఉండిపోతాయి. వాటికి ఇక అప్‌డేట్లు రావు. "ఆప్ట్ లిస్ట్ --ఇన్‌స్టాల్డ్" కొడితే అలాంటి వాటి పక్కన "లోకల్" అని కనపడుతుంది. ఓపిక ఉన్నప్పుడు ఆ జాబితా ఒకసారి చూసి, అక్కర్లేనివి తీసేయండి. అప్‌గ్రేడ్ తర్వాత నెలలకు వచ్చే వింత డిపెండెన్సీ గొడవలు చాలావరకు ఇక్కడి నుంచే పుడతాయి.

404 ఇంకో రెండు సందర్భాల్లో కూడా వస్తుంది, వాటికి మందు వేరు. అప్‌డేట్ దగ్గర కాకుండా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వస్తే మీ జాబితా పాతబడిందని అర్థం. సర్వర్లో ఆ ప్యాకేజీకి కొత్త వెర్షన్ వచ్చి పాతదాన్ని తీసేశారు. ఒక్కసారి ఆప్ట్ అప్‌డేట్ చేస్తే సరిపోతుంది. రెండోది, ఉబుంటు సొంత సర్వర్లే 404 ఇవ్వడం. అంటే మీరు వాడే వెర్షన్ కాలం చెల్లింది. ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే) వెర్షన్లకు 5 ఏళ్ల మామూలు సపోర్ట్ ఉంటుంది, మధ్యలో వచ్చేవాటికి 9 నెలలే. 2023 అక్టోబరులో వచ్చిన 23.10కి 2024 జులైతో సపోర్ట్ అయిపోయింది. ఆ తర్వాత అలాంటి వెర్షన్ల ఫైళ్లు "ఓల్డ్-రిలీజెస్.ఉబుంటు.కామ్"కి వెళ్లిపోతాయి. సోర్సెస్‌లో ఆ అడ్రసు పెడితే ఎర్రర్ పోతుంది గానీ అక్కడ కొత్త సెక్యూరిటీ అప్‌డేట్లు ఉండవు. తర్వాతి వెర్షన్‌కి దాటడానికి మాత్రమే దాన్ని వాడండి, అక్కడే ఉండిపోకండి.

లినక్స్ మింట్ వాడేవాళ్లకు ఇదే 404 మరో దారిలో వస్తుంది. మింట్‌కి తన సొంత కోడ్‌నేమ్ ఉంటుంది. మింట్ 22 పేరు విల్మా, దాని పునాది ఉబుంటు నోబుల్. ఉబుంటు కోసం చేసిన రిపాజిటరీ లైన్లో విల్మా అని పడితే దొరకదు, అక్కడ నోబుల్ అని ఉండాలి. ఇక డెబియన్‌లో ఉబుంటు పీపీఏలు చేర్చుకోవడం అసలు పద్ధతే కాదు.

రెండోది నో పబ్‌కీ. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, ఎందుకంటే నెట్‌లో దొరికే పాత సలహాల్లో అత్యంత హానికరమైనవి దీని గురించే. మీ బ్రౌజర్ రిపాజిటరీకి 404 రాకపోవడానికి కారణం, అలాంటి కంపెనీలు చాలావరకు కోడ్‌నేమ్ వాడకుండా "స్టేబుల్" అన్న ఒక్క పేరు పెట్టుకుంటాయి. కాబట్టి ఫైలు దొరికింది. కానీ దాని కింద ఉన్న సంతకాన్ని సరిచూడటానికి కావాల్సిన పబ్లిక్ కీ మీ దగ్గర లేదు. అందుకే ఆప్ట్ ఒప్పుకోవడం లేదు. ఆప్ట్ చాలా చోట్ల మామూలు హెచ్‌టీటీపీ మీదే ఫైళ్లు దించుకుంటుంది, అయినా మధ్యలో ఎవరూ ప్యాకేజీని మార్చలేరని మనం నమ్మేది ఈ సంతకం వల్లే. అందుకని సంతకం చూడకుండా వదిలెయ్యమని చెప్పే "ట్రస్టెడ్=యస్" లాంటి చిట్కాలను దగ్గరికి రానివ్వకండి. రూట్ (సిస్టమ్ మీద పూర్తి) అధికారంతో నడిచే స్క్రిప్టులు ఆ ప్యాకేజీల్లో ఉంటాయని గుర్తుంచుకోండి.

ఇక "ఆప్ట్-కీ" కమాండ్. పదేళ్ల కిందటి సలహాలన్నిట్లో అదే ఉంటుంది. దానితో చేర్చిన కీని ఆప్ట్ ఏ రిపాజిటరీకైనా చెల్లుబాటుగా తీసుకుంటుంది. అంటే ఒక బ్రౌజర్ కంపెనీ కీతో సంతకం చేసిన ఫైలు ఉబుంటు సొంత రిపాజిటరీ పేరుతో వచ్చినా చెల్లిపోతుంది. అందుకే ఆ పద్ధతిని పక్కన పెట్టేశారు. ఇప్పటి పద్ధతిలో ఆ కంపెనీ అసలు వెబ్‌సైట్ నుంచే కీ ఫైలు దించుకుని "/ఈటీసీ/ఆప్ట్/కీరింగ్స్" ఫోల్డర్లో పెట్టాలి. రిపాజిటరీ ఫైల్లో "సైన్డ్-బై" అన్న చోట ఆ ఫైలు దారి రాయాలి. అప్పుడు ఆ కీ ఆ ఒక్క రిపాజిటరీకే పనిచేస్తుంది.

కీ పెట్టాక కూడా నో పబ్‌కీ అంటుంటే రెండు విషయాలు చూడండి. మొదటిది ఫైలు పేరు. నోట్‌ప్యాడ్‌లాంటి దాంట్లో తెరిస్తే "బిగిన్ పీజీపీ పబ్లిక్ కీ బ్లాక్" అని చదవగలిగేలా ఉన్న కీకి .ఏఎస్‌సీ అన్న ఎక్స్‌టెన్షన్ ఉండాలి. పిచ్చి గుర్తులతో బైనరీగా ఉన్నదానికి .జీపీజీ ఉండాలి. ఇవి తారుమారైతే ఆప్ట్ కీని పక్కన పెట్టేస్తుంది. రెండోది పర్మిషన్. ఆప్ట్ డౌన్‌లోడ్ పనులకు "_ఆప్ట్" అనే తక్కువ అధికారాలున్న వేరే యూజర్‌ని వాడుతుంది. కీ ఫైలు రూట్ ఒక్కరే చదివేలా పడి ఉంటే ఆ యూజర్ దాన్ని చూడలేడు. కీ కళ్లెదురుగా ఉంటుంది, మెసేజ్ మాత్రం కీ లేదంటుంది. "సుడో సీహెచ్‌మోడ్ 644" అని ఫైలు దారి ఇస్తే తీరిపోతుంది. ఈ ఒక్కటి తెలియక గంటలు పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

నో పబ్‌కీ బదులు "ఎక్స్‌ప్‌కీసిగ్" అని వస్తే కీ ఉంది గానీ గడువు తీరింది. కంపెనీలు చాలాసార్లు అదే కీకి గడువు పెంచి మళ్లీ పెడతాయి, తాజా ఫైలు దించుకుని పాతదాని మీద పెట్టండి. పీపీఏ అయితే ఇంకా తేలిక. దాన్ని తీసేసి "యాడ్-ఆప్ట్-రిపాజిటరీ"తో మళ్లీ చేర్చండి, కీ తనంతట అదే వస్తుంది.

ఇలా చేసేటప్పుడు ఒకే రిపాజిటరీకి రెండు ఫైళ్లు మిగిలిపోకుండా చూసుకోండి. అప్లికేషన్ తనంతట తాను ఒకటి రాసుకుంటుంది, మీరు చేత్తో ఒకటి రాస్తారు. రెండూ ఒకేలా ఉంటే "కాన్ఫిగర్డ్ మల్టిపుల్ టైమ్స్" అన్న హెచ్చరికతో పోతుంది. రెండింట్లో సైన్డ్-బై వేర్వేరుగా ఉంటే మాత్రం ఆప్ట్ సోర్సుల జాబితానే చదవలేనని మొత్తం ఆగిపోతుంది, ఉబుంటు అప్‌డేట్లతో సహా. ఒకటి తీసేయడమే మార్గం.

మూడోది లాక్. "కుడ్ నాట్ గెట్ లాక్" అన్న మెసేజ్‌ని చివరిదాకా చదవండి. లాక్‌ని ఏ ప్రాసెస్ పట్టుకుందో దాని నంబరుతో, పేరుతో సహా అందులోనే ఉంటుంది. మీ విషయంలో "అనటెండెడ్-అప్‌గ్ర్" అని ఉందని రాశారు. కంప్యూటర్ ఆన్ చేయగానే వెనకాల సెక్యూరిటీ అప్‌డేట్లు ఎక్కించే ప్రోగ్రామ్ అది. తన పని తాను చేసుకుంటోంది. కాసేపు ఆగితే అయిపోతుంది, నెట్ నెమ్మదిగా ఉంటే ఇంకాస్త పడుతుంది.

లాక్ ఫైలు ఎందుకు డిలీట్ చేయకూడదంటే, లాక్ ఉండేది ఫైలు పేరు మీద కాదు. నడుస్తున్న ప్రోగ్రామ్ తెరిచి పట్టుకున్న ఫైలు మీద కెర్నల్ (సిస్టమ్ మూల ప్రోగ్రామ్) వేసి ఉంచిన లాక్ అది. మీరు డిలీట్ చేస్తే పేరు పోతుంది గానీ మొదటి ప్రోగ్రామ్ తన లాక్ తనకే ఉందనుకుని రాస్తూనే ఉంటుంది. మీరు మొదలుపెట్టిన రెండో ఆప్ట్ అదే పేరుతో కొత్త ఫైలు సృష్టించుకుని, దాని మీద తన లాక్ వేసుకుంటుంది. ఇప్పుడు ఇద్దరూ ఒకేసారి ప్యాకేజీల డేటాబేస్‌లో రాస్తున్నారు. ఏ ప్రాసెసూ పట్టుకోకపోతే లాక్ ఫైలు అక్కడ పడి ఉన్నా నష్టం లేదు, కాబట్టి డిలీట్ చేయాల్సిన అవసరం అసలు రానే రాదు. ఇప్పటికే తీసేసి ఉంటే, డేటాబేస్ పాత కాపీలు "/వార్/బ్యాకప్స్" ఫోల్డర్లో "డీపీకేజీ.స్టేటస్" అన్న పేర్లతో ఉంటాయని తెలిసి ఉండండి. అవసరం పడితే చూద్దాం.

ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోయి, లేదా కరెంటు పోయి, "డీపీకేజీ వాజ్ ఇంటరప్టెడ్" అని వస్తే "సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ" కొట్టండి. డీపీకేజీ అంటే ఆప్ట్ వెనక ఉండి ప్యాకేజీలను ఎక్కించే ప్రోగ్రామ్. సగంలో ఆగిన ప్యాకేజీల అమరికను పూర్తి చేస్తుంది. తర్వాత "సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్". ఈ రెండో దాని దగ్గర వై కొట్టే ముందు ఏం తీసేయబోతోందో ఆ జాబితా తప్పకుండా చదవండి. ఒకటో రెండో లైబ్రరీలైతే సరే. అందులో "ఉబుంటు-డెస్క్‌టాప్" లాంటి పేరు కనపడితే, లేదా జాబితా స్క్రీన్ దాటి పోతుంటే, ఎన్ కొట్టి బయటకొచ్చేయండి.

ఇవి కాక మిగతావి వేగంగా చెప్పేస్తాను. "టెంపరరీ ఫెయిల్యూర్ రిజాల్వింగ్" అంటే డీఎన్ఎస్ (సైటు పేరును సర్వర్ అడ్రసుగా మార్చేది) సమస్య. బ్రౌజర్ బాగానే తెరుచుకుంటోంది కదా అనుకోవద్దు, కొన్ని బ్రౌజర్లు తమ సొంత డీఎన్ఎస్ వాడుకుంటాయి. "నోస్ప్లిట్" అన్న మాట కనపడితే మీరు లాగిన్ పేజీ అడిగే వైఫైలో ఉన్నారని దాదాపు చెప్పేయొచ్చు. ఆప్ట్ ఇన్‌రిలీజ్ ఫైలు అడిగితే ఆ వైఫై లాగిన్ పేజీ ఇచ్చింది. బ్రౌజర్లో లాగిన్ అయ్యాక మళ్లీ ప్రయత్నించండి. రిలీజ్ ఫైలు ఇంకా చెల్లుబాటులోకి రాలేదంటే మీ గడియారం వెనకబడి ఉంది. విండోస్‌తో కలిపి డ్యూయల్ బూట్ చేసేవాళ్లకు, మదర్‌బోర్డ్ బ్యాటరీ అయిపోయినవాళ్లకు ఇది మామూలే, "టైమ్‌డేట్‌సీటీఎల్" కొడితే తేలిపోతుంది. "హాష్ సమ్ మిస్‌మ్యాచ్" ఎక్కువగా మిర్రర్ (అసలు రిపాజిటరీకి నకలు) సర్వర్ సగం అప్‌డేట్ అయి ఉన్నప్పుడో, మధ్యలో ఏదో ప్రాక్సీ పాత కాపీ ఇస్తున్నప్పుడో వస్తుంది. కాసేపాగి చూడండి. పోకపోతే "/వార్/లిబ్/ఆప్ట్/లిస్ట్స్" లోపలి ఫైళ్లు తీసేసి మళ్లీ అప్‌డేట్ చేయండి, అదీ కాకపోతే మిర్రర్ మార్చండి. ఆ ఫైళ్లు తీసేయడంలో ప్రమాదం లేదు, అవన్నీ మళ్లీ దిగుతాయి.

డిస్కులో చోటు లేక ఆగడం కూడా ఉంది, ముఖ్యంగా /బూట్ వేరే పార్టిషన్‌గా ఉన్నవాళ్లకు. "డీఎఫ్ -హెచ్"లో చూసి, నిండి ఉంటే "సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ --పర్జ్"తో పాత కెర్నల్స్ తీయించండి. /బూట్ లోపలి ఫైళ్లను చేత్తో డిలీట్ చేయకండి. ఇంకోటి, కొన్ని ప్యాకేజీలు "డిఫర్డ్ డ్యూ టు ఫేజింగ్" అనో "కెప్ట్ బ్యాక్" అనో వస్తే కంగారొద్దు. ఉబుంటు కొన్ని అప్‌డేట్లను ముందు కొంతమందికి ఇచ్చి, ఫిర్యాదులు రాకపోతే మెల్లగా అందరికీ ఇస్తుంది. మీ వంతు వచ్చినప్పుడు అవే వస్తాయి, బలవంతంగా ఎక్కించకండి.

ఫెడోరా, ఆర్చ్ వాడేవాళ్లు ఇది చదువుతుంటే, కమాండ్లు వేరైనా ఎర్రర్ చదివే పద్ధతి ఇదే. ఫెడోరాలో జాబితా చెడిందనిపిస్తే "సుడో డీఎన్ఎఫ్ క్లీన్ ఆల్". ఆర్చ్‌లో చాలాకాలం తర్వాత అప్‌డేట్ చేసేటప్పుడు సంతకాల ఎర్రర్లు వస్తే ముందు "ఆర్చ్‌లినక్స్-కీరింగ్" ప్యాకేజీని తాజా చేసి, ఆ వెంటనే పూర్తి అప్‌గ్రేడ్ చేయండి, మధ్యలో ఆపొద్దు.

మీరు చేయాల్సిన వరస ఇది. ముందు ఆ అనటెండెడ్ అప్‌గ్రేడ్ పూర్తవనివ్వండి. పీపీఏ ఫైలుని డిసేబుల్ చేయండి. బ్రౌజర్ రిపాజిటరీకి కొత్త కీ పెట్టండి, పాత ఫైలు మిగిలిందేమో చూడండి. తర్వాత సుడో ఆప్ట్ అప్‌డేట్, దానిలో ఎర్ లైన్లు లేకపోతేనే సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్. ఇంకా ఆగితే మొదటి ఎర్రర్ ఒక్కటే కాకుండా ఆప్ట్ అప్‌డేట్ ఇచ్చిన మొత్తం అవుట్‌పుట్, సోర్సెస్.లిస్ట్.డి ఫోల్డర్లో ఉన్న ఫైళ్ల పేర్లు, "ఎల్ఎస్‌బీ_రిలీజ్ -ఎ" చూపించే వెర్షన్ ఇక్కడ పెట్టండి. స్క్రీన్ ఫొటో వద్దు, టెక్స్ట్‌గా కాపీ చేయండి. ఫొటోలో కీ నంబర్లు సరిగా కనపడవు.